కిగోజి పట్టిన నీళ్ళదొంగలు

కంపాలాలోని బుకోటో పేటలో నాలొంగో టీకొట్టు కుళాయి నిన్న పొద్దున ఆగిపోయింది. బిల్లు బాకీ లేదు, గొట్టం పగల్లేదు. ఎన్సులో అనే నీళ్ళ కంపెనీ మనుషులు వచ్చి మీటరు దగ్గర తాళం బిగించి, "పైనుంచి ఆర్డరు" అనేసి వెళ్ళిపోయారు. ఆ పై అనేది ఎక్కడుందో వాళ్ళకీ తెలిసినట్టు లేదు. కవలల్ని కన్న తల్లి కాబట్టి పేటంతా ఆమెను పేరుతో పిలవకుండా నాలొంగో అని గౌరవిస్తుంది గానీ, గౌరవంతో టీ కాగదు కదా. సైకిలువాడి దగ్గర పసుపుపచ్చ డబ్బాల్లో నీళ్ళు కొని నెట్టుకొస్తోంది. ఇవాళ్టి డబ్బా అప్పుడే అడుగుకి వచ్చేసింది, సైకిలువాడు మళ్ళీ వచ్చే జాడ లేదు. ఇంకో రెండు పూటలు ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందే.

అందుకే పది గంటలకు కిగోజి వచ్చి బల్లమీద కూర్చోగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కిగోజి ఆ నీళ్ళ కంపెనీలోనే కంప్యూటర్ల ఇంజినీరు. కోతలు కోయడంలో కంపాలాలో అతనికి సాటి లేరు. అయినా అవసరం ఆమెది. అల్లం టీ, గుడ్డు చుట్టిన చపాతీ ముందు పెట్టి, "ఇంజినీరు గారూ, మీతో ఒక్క మాట" అంది.

"ఒక్క మాటేంటి నాలొంగో, కథే చెప్తాను! కిగోజి డియోగ్రాషియస్ సెమందా అనే నేను ఈ వారం ఏం చేశానో తెలిస్తే ఈ బల్లకి నా పేరు పెడతావు."

ఎదురుగా ఇద్దరున్నారు. ఒకడు బోడా అనే అద్దె మోటారుసైకిలుమీద జనాన్ని దింపే ముగెర్వా, రెండోవాడు బడిపంతులు ఒపియో. ఇద్దరూ కాళ్ళు చాపుకుని చెవులు అప్పగించారు.

"మా కంపెనీ డేటాబేస్ మార్చాం. అంటే ఏంటి? ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ మీటర్లూ బిల్లులూ దాచే గిడ్డంగి. పాతదాని అద్దె మోయలేక కొత్తదాంట్లోకి మారాం. సామాన్లు ఎవడైనా మోస్తాడు, చిక్కంతా స్టోర్డ్ ప్రొసీజర్లతోనే. వాళ్ళు గిడ్డంగిలోనే కాపరముండే గుమస్తాలు అనుకోండి. బిల్లు వెయ్యమంటే వేస్తారు, జరిమానా వెయ్యమంటే ఇంకా సంతోషంగా వేస్తారు. కానీ పాతదాని భాష వేరు, కొత్తదాని భాష వేరు. కొత్త ఇంట్లో పాత భాష మాట్లాడితే ఎవడూ పలకడు. ఒక్కో ప్రొసీజర్నీ కూచోబెట్టి కొత్త భాష నేర్పాలి. మొన్న పొద్దున్నే ఓ చిన్నదాన్ని తీశాను, పది లైన్లుంటుందేమో. మార్చాను."

"ఓస్, అంతేనా?" అన్నాడు ముగెర్వా.

"అంతే అనుకున్నా నేనూ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది మారడం చూసి మిగతావన్నీ వరస కట్టేశాయి! ముందు నన్ను మార్చు, కాదు నన్ను మార్చు అని ఒకటే తోపులాట. ఇక లాభం లేదని ఎడంకన్నుతో పాతభాష చదువుతూ కుడిచేత్తో కొత్తభాష కొట్టేస్తున్నా. ఆ ఊపుకి కీబోర్డులో అక్షరాలు లేచిపోయి గోడకి అంటుకున్నాయి. నమ్మకపోతే వచ్చి చూసుకోండి, మా ఆఫీసు గోడకి ఇప్పటికీ ఓ అక్షరం ఉంది."

"మరి ఎడంచెయ్యి?" అన్నాడు ఒపియో.

"దాంతో చపాతీ తింటున్నా మాస్టారూ, మనిషినే కదా! ఇంతలో జరిమానాల ప్రొసీజర్ వచ్చింది. అబ్బో, దాని పొడవు చెప్పలేను. మొదటి లైను దగ్గర నేను నిలబడితే చివరి లైను చూడ్డానికి బోడా ఎక్కి జింజా దాకా పోవాలి."

"ఎవరి బండి ఎక్కావన్నా? నాది కాదే."

"నీ బండి ఎక్కితే జింజా చేరతామా, తోస్తూ తిరిగొస్తాం! నడిచే వెళ్ళాను. వెళ్తూ మారుస్తూ, మారుస్తూ వెళ్తూ. సరిగ్గా నైలు వంతెన మీదుండగా కరెంటు పోయింది. స్క్రీను చీకటి. ఇంకోడైతే ఏడ్చేవాడు. నేను ఒక్క కేక వేశాను, కదిలారో చూడండి అని. లోపలి లైన్లన్నీ భయపడి ఎక్కడివక్కడే నిలబడ్డాయి. చీకట్లో తడిమి తడిమి మార్చేశాను."

"ఇంజినీరు గారూ, నా కుళాయి సంగతి..." అంది నాలొంగో.

"అక్కడికే వస్తున్నా తల్లీ, కథ కుళాయి దగ్గరే ఆగుతుంది. నైరోబీ నుంచి ముగ్గురు నిపుణులొచ్చారు. ఏడాది పని అన్నారు. మా ఇంట్లో పొయ్యిమీద మతోకె అరటికాయలు ఉడుకుతున్నాయి, అవి దించేలోగా ముగిస్తానన్నాను. ముగించాను! ముగ్గురూ నా బూట్లు ఫోటో తీసుకుని వెళ్ళారు. ఇప్పుడా డేటాబేస్ ఎంత వేగమంటే, మొన్న నకసేరోలో ఒకాయన స్నానం చెయ్యాలా వద్దా అని గుమ్మంలో ఆలోచిస్తుంటే ఫోనుకి బిల్లు వచ్చేసింది. వద్దులే అనుకున్నాడు, వెంటనే డబ్బు వాపసు!"

ముగెర్వా నవ్వీ నవ్వీ బల్లమీంచి జారాడు. నాలొంగోకి నవ్వు రాలేదు. ఈ మనిషి నోట్లోంచి తన కుళాయి ఎప్పుడు బయటికొస్తుందా అని చూస్తోంది.

"అంత హడావిడిలో ఎక్కడా తప్పు దొర్లలేదా?" ఒపియో ప్రశ్నలో పంతులుతనం పోదు.

"తప్పా! ఇదిగో, ఇదీ వినండి. మా ఆఫీసులో ఓ పిల్ల ఉంది, అన్నిటికీ అనుమానమే. సార్, ఈ రెండు గీతలు చూడండి అంది. ఒక్కో పేరుకి మూడు గడులుంటాయి, ఆ ముక్కల్ని కలిపి అతికించడానికి రెండు నిలువుగీతలు పెడతాం. పాతభాషలోనూ అవే గీతలు, కొత్తభాషలోనూ అవే గీతలు. అచ్చం ఒకేలా ఉంటే ఇంక మార్చేదేముంది అన్నాను. కాదు సార్, పాతది మెతక మనిషి, మధ్యలో గడి ఖాళీగా ఉంటే దాన్ని వదిలేసి ముందువెనకలు కలిపేస్తుంది, కొత్తది మొండిఘటం, ఖాళీతో ఏది కలిపినా మొత్తం ఖాళీయే అంటుంది, అని పాఠం చెప్పింది. నాకు! నవ్వి, వెళ్ళి టీ తాగమ్మా అన్నాను."

"వింది కదా పాపం" అన్నాడు ఒపియో.

"వింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అసలు మజా ఇక్కడే. ఓనరు పేరు లేని కనెక్షన్ కనిపిస్తే దొంగ కనెక్షన్ అని తాళం వేయించే ప్రొసీజర్ ఒకటుంది. పాతదాంట్లో ఏళ్ళ తరబడి దానికి ఒక్క దొంగా దొరకలేదు, కూచుని ఈగలు తోలుకునేది. నా చెయ్యి పడిందో లేదో, నిన్న తెల్లారేసరికి కంపాలాలో సగం దొంగలే! పేరూ ఊరూ లేని దొంగలు! పోలీసులు ముక్కున వేలేసుకున్నారు. తాళాలు చాలక లారీల్లో తెప్పించాం, అవీ చాలక మా మేనేజరు తన సూటుకేసు తాళం తీసిచ్చాడు. ఇంకా ఉంది, విక్టోరియా సరస్సు దగ్గరికి వెళ్తే, ఓనరు పేరు లేదని దానికీ తాళం వెయ్యబోయారు. నేనే అడ్డుపడి వదిలించాను. నాలొంగో, ఇంకో టీ!"

నాలొంగో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

"నిన్న తెల్లారా?" అంది.

"నిన్న పొద్దున్నే మా ఇంటి కుళాయీ ఆగింది" అన్నాడు ముగెర్వా. వాడి మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. "మాస్టారూ, మీ ఇంట్లో?"

"వస్తున్నాయే. పొద్దున స్నానం చేసే వచ్చాను."

"మీ పూర్తి పేరేంటి?"

"ఒపియో జాన్ బోస్కో."

"మూడు గడులూ నిండాయి" అని ముగెర్వా వేళ్ళు ముడిచాడు. "నాది ముగెర్వా ఇస్మా. మా నాన్న రెండే పెట్టాడు. మధ్య గడి ఖాళీ, ఇంకేముంది, ఓనరు పేరే లేని దొంగనైపోయా! నాలొంగో, నీది?"

తన పేరు తనే చెప్పి ఎన్నేళ్ళయిందో, ఆమె ఒక్క క్షణం తడుముకుంది. "నాంబూజె రెహెమా. నాకూ రెండే."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుందిరా, ఖాళీ!"

ముగ్గురూ ఒకేసారి కిగోజి డియోగ్రాషియస్ సెమందా వైపు తిరిగారు.

"అన్నా, మీ ఇంట్లో నీళ్ళొస్తున్నాయా?" అని ముగెర్వా చాలా మర్యాదగా అడిగాడు.

కిగోజి నీళ్ళు నమిలాడు. రెండు రోజులుగా ఆ సందులో ఊరికే దొరికిన నీళ్ళు అవే.

"ఆ రెండు గీతలూ..." అని గొణిగాడు చివరికి. మొహం మాడిన చపాతీలా అయింది. "అది పెద్ద పని కాదులే. గడి ఖాళీగా ఉంటే పట్టించుకోకు అని ఒక్క మాట చేర్చితే చాలు. ఆ పిల్లనడిగితే... అంటే, నేనే చిటికెలో చేసేస్తా."

నాలొంగోకి ఒళ్ళు మండింది. నిన్నట్నించీ ఇతని లెక్కలో పేరు లేని దొంగల్లో తనూ ఒకతన్నమాట! ఇంత కోపంలోనూ ఆ మొహం చూస్తే నవ్వు ఆగలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పైనుంచి ఆర్డరంటే మీరేనా బాబూ!" అంది.

"ఇదిగో ఇప్పుడే వెళ్తాను తల్లీ, మధ్యాహ్నానికల్లా తాళం తీయిస్తా. ఆ టీ ఒక్కటి ఇచ్చేస్తే ఒక్క గుక్కలో తాగి లేస్తా. గొంతెండిపోయింది."

ఆమె డబ్బా వంచి చూసింది, చుక్క రాల్లేదు. శుభ్రంగా తుడిచిన కప్పొకటి తెచ్చి, సాసర్లో పెట్టి, రెండు చేతులతో అతని ముందుంచింది. కిగోజి ఆశగా లోపలికి చూశాడు.

"ఆకు ఉంది, అల్లం ఉంది, చక్కెర ఉంది" అంది నాలొంగో. "నీళ్ళ గడి ఒక్కటే ఖాళీ. మీ కొత్తదాని లెక్కలో మొత్తం ఖాళీయే కదా ఇంజినీరు గారూ, తాగి వెళ్ళండి."