దాచుకున్న మాటలు

వరదకు ఆఫీసు మెట్లు మునిగిన ఏడు, క్రిస్మస్ సెలవులు ఇంకో రోజు ఉండగానే గుమాస్తా అమ్మాయి వచ్చేసింది. ఖాళీ గదిలో కుర్చీలు తుడుస్తున్న ముసలి బంట్రోతు తలెత్తాడు. అతణ్ణి అందరూ మూగనోము తాత అంటారు.

“ఆఫీసు రేపు కదమ్మా.”

“తెలుసు తాతా. ఇంట్లో ఉండలేకపోయాను. సెలవులిచ్చిన రోజే మా ఆయన పోయారు.”

తాత చేతిలో గుడ్డ పక్కన పెట్టాడు. “అయ్యో తల్లీ. ఇక్కడెవరికీ తెలీదే.”

“చెప్పడానికి నోరు రాలేదు. రేపు అందరూ సెలవులెలా గడిచాయని నవ్వుతూ అడుగుతారు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పడం నావల్ల కాదు. ఉద్యోగం మానేద్దామనుంది.”

“మానొద్దు. వచ్చి నీ కుర్చీలో కూర్చో, చాలు.”

“అడిగితే?”

“అడగరులే. నేను చెబుతాగా.”

“నువ్వా? పలకరిస్తే తలూపడమే ఎక్కువ నీకు.”

“మరి దాచుకున్న మాటలు ఎప్పటికి పనికొస్తాయి?”

మర్నాడు పొద్దున్నే తాత గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ తనే చెప్పి లోపలికి పంపాడు.