‘ఎర్రకొండ’ ఆచూకీ

హలో… ఆ, నేనే సార్, తాయప్పను. బళ్లారి నుంచి… కాలేజీ ఆఫీసు ఫోన్లో మాట్లాడతాండా. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్యారు… అనంతపురం లైను ఇప్పటికి కలిసింది. వినపడతాందా సార్?

… బాగుండా. మీ మోకాళ్ల నొప్పి…? ఆ. సరే సార్, సంగతికి వస్తా. దొరికినాడు.

… అవును. మన పుస్తకానికి వెతుకుతాండే కవి, ఎర్రకొండే.

— లేదు సార్, బతికే ఉండాడు.

… మన లైబ్రరీలోనే. మీరు ఈడ పనిచేసేటప్పుడు పాత వారపత్రికలు బైండు చేయించి పెట్టినారు కదా, వాటిల్లో… చెదలు అంచులు తిన్యాయి, అయినా చదవొచ్చు. ఒకదాంట్లో సంపాదకుడి జవాబు ఉండాది. ‘ఎర్రకొండ, సండూరు. మీ గేయం వేస్తున్నాము’ అని. ఆ ఊరి పేరు పట్టుకొని బస్సెక్కినా. సండూరు పోస్టాఫీసులో అడిగితే, ఆ పత్రిక తెప్పించుకునే మనిషి ఒక్కడే ఉండె అన్యారు. నారప అని. మ్యాంగనీసు గనిలో డ్రిల్లు పట్టే కూలి.

… కూలే సార్. బళ్లారిలో థర్డ్ ఫారం దాకా చదివినాడంట. నాయన పోతే గనికి పోయినాడు.

… కొత్త గేయం అడిగే మాట వదిలేయండి సార్.

… ఎందుకంటే రాయలేడు. చేతులు వణుకుతాండాయి. నీళ్ల చెంబు పట్టుకోలేడు. మాట పోయింది. మునివేళ్ల మీద నడుస్తాడు, రెండడుగులు వేసి పడిపోతాడు.

— తాగుడు కాదు. గని దుమ్ము. ఆ దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తే నరాలు పోతాయంట. ఆస్పత్రి డాక్టరే చెప్పినాడు… నోటితో చెప్పినాడు. కాగితం మీద రాసియ్యనన్యాడు.

… ఆ, ఆ గేయం నారపకు వినిపించినా. లైబ్రరీలో ఎత్తి రాసుకున్యది జేబులో ఉండె.

‘కొండను లారీలకెత్తినాము,
ఇక మా గుడిసెకు పొద్దు ముందే పొడుస్తుంది’—

ఆడికి వచ్చేసరికి నవ్వినాడు సార్.

… నేనూ అట్లే సంతోషమనుకుంటి. నారప పెండ్లాం, మారెక్క, పక్కనే ఉండె. ‘పాట విని నవ్వలేదప్పా’ అనింది. ‘మా అత్తను పూడ్చేటప్పుడూ ఇట్లే నవ్వినాడు. జబ్బే నవ్విస్తాది’ అనింది.

… …



… తెల్దు సార్. మొగుడు పాటలు కట్టేది ఆమెకు తెల్దు. దీపం పెట్టుకొని ఏందో కూలి లెక్క రాసుకుంటాండాడనుకునిందంట. నేను చదివినాంక కాగితం చేతిలోకి తీసుకొని చూసింది. ఆమీద ఒకటే అడిగింది. ‘ఇది మా ఆయప్పే రాసినాడని ఆఫీసులో చెప్తావా అప్పా?’

… గని ఆఫీసు సార్. పుట్టుకతోనే మతి లేనోడని రాసుకున్యారు వాళ్లు. వణుకు గనికి రాకముందే ఉండాదని. పరిహారం లేదన్యారు. ఇప్పుడు కంపెనీ గుడిసె ఖాళీ చేయమంటాండారు.

— పోయినాము, ఇద్దరమూ పోయినాము. గుమాస్తా నా కాగితం ముట్టను గూడ ముట్టలేదు. ‘కుడుక సార్, కుడుక’ అని కన్నడంలో అన్యాడు. తాగుబోతంట. ‘ఈడ ఎర్రకొండ అని ఉండాది, నారప అని యాడుండాది?’ అని అడిగినాడు. నేనేం చెప్పేది?

అందుకే మీకు చేసినా. మీ మాటకు విలువ ఉండాది. ఎర్రకొండా నారపా ఒకరే, ఈ పాట రాసేనాటికి మనిషికి బుద్ధీ చెయ్యీ బాగుండాయి అని మీరొక కాగితం రాసిస్తే లేబరు ఆఫీసరు దగ్గర పెడతాము. మన పుస్తకంలో గూడ ఆయప్ప గురించి ఉన్నదున్నట్టు వేద్దాము.

… గని ఎవరిదంటే… పెదబాబు గారిది.

… …

… అవును సార్. మన పుస్తకం అచ్చేయిస్తాండే పెదబాబు గారే.

… తెలుసు సార్. దాని కోసం మీరు ఎన్ని గడపలు ఎక్కినారో నేను చూసినా కదా. జిల్లా రెండు ముక్కలై బళ్లారి కన్నడ రాష్ట్రంలోకి పోయినాంక ఈ పక్క తెలుగు కవుల పేర్లు అడిగేవాడే లేడు, నిజమే… ఇది ఆగిపోతే ఇంకెవరూ వేయరు. అదీ నిజమే.

… అంటే గేయం మాత్రం వేసి, కింద…

… ‘కవి వివరాలు తెలియరాలేదు’.

… …

తెలిసినాయి కదా సార్.

… ఆయప్ప పక్కన కూర్చొని వస్తి. మారెక్క జొన్నరొట్టె పాలల్లో నానబెట్టి ఆయప్ప నోట్లో పెడతాండె. పెట్టినంతసేపూ గదవ కింద చెయ్యి పెట్టి పట్టుకోవాల. నాకూ ఒక రొట్టె ఇచ్చింది. తిన్యా. ఇప్పుడు తెలియరాలేదని నేను రాయాల్నా?

— లేదు సార్, గొంతు పెంచలేదు. లైను అట్లుండాది.

… అయితే నా పేరు తీసేయండి. ‘సేకరణ తాయప్ప’ అని వద్దు… కోపం కాదు సార్. మీ దగ్గర చదువుకున్యోణ్ని, మీమీద కోపమేంది. ఆ వాక్యం ఉండే పుస్తకంలో నేను వద్దు, అంతే.

… ఆ కాగితమేందో నేనే రాసిస్తా… తెలుసు, నాలాంటి ట్యూటరు మాట ఎవరూ లెక్కపెట్టరు. … పెదబాబు గారు కాలేజీ కమిటీలో ఉండారని గూడ తెలుసు సార్. ఉద్యోగం పోతే పోతాది.

… సార్, ఒక్క మాట. మారెక్క బయట వరండాలో కూర్చొనుండాది. మీరు పెద్ద పండితులని, తప్పకుండా రాసిస్తారని నేనే నమ్మించి సండూరు నుంచి పిల్చుకొచ్చినా. ఆయప్పను పక్కింటోళ్లకు అప్పజెప్పి వచ్చింది. ఆమెతో ఏం చెప్పమంటారు? మీరు చెప్పినదే చెప్తా.

… సార్?

హలో… హలో…

ఎక్స్ఛేంజీనా అమ్మా? అనంతపురం లైను తెగినట్టుండాది…

… తెగలేదా?

… ఆయనే పెట్టేసినారా.

… వద్దమ్మా. మళ్లీ కలపొద్దు.