తిరిగొచ్చిన వేళ రాయని పేరు

నా పేరు, చిరునామా పైన రాసినవే. వయసు నలభై ఏడు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాను. ఈరోజు గురువారం, ఉదయం పది గంటలకు, నా అంతట నేనే పోలీసు స్టేషనుకు వచ్చి చెబుతున్నాను.

మాది ఓరియంటీరింగ్ క్లబ్బు. పటం, దిక్సూచి పట్టుకుని అడవిలో కట్టిన జెండాలను వెతుక్కుంటూ పరుగెత్తే ఆట. ప్రతి బుధవారం సాయంత్రం అయిదున్నరకు సాధన పెడతాం. ఆ ఆలోచన నా భార్యది. "ఆదివారం పోటీలకి ఎప్పుడూ పాతకాపులే వస్తారండీ. వారం మధ్యలో పెడితే కొత్తవాళ్ళు వస్తారు," అంది. మొదట్లో అయిదుగురం. ఆమె నన్ను విడిచి వెళ్ళి పద్నాలుగు నెలలైంది. తప్పు నాదే. జెండాలు ఎక్కడ కట్టాలో తప్ప ఆమెతో ఇంకేమీ మాట్లాడేవాణ్ణి కాదు. బుధవారాలు మాత్రం ఒక్కటీ మానలేదు.

మా నియమం ఒకటే. వెళ్ళేవారి పేరు, వెళ్ళిన వేళ రాస్తాం. తిరిగొచ్చాక వచ్చిన వేళ రాస్తాం. అందరూ వచ్చారని తేలేదాకా ఎవరూ ఇంటికి కదలరు. ప్రతి వారం మొదటి పేరు ఆమెదే రాస్తాను. ఆమె లేని జాబితా రాయడానికి నాకు చేతులు రాలేదు. ఇప్పుడు వచ్చేవాళ్ళంతా ఆమెను ఎరగని కొత్తవాళ్ళే, చివర్లో కాగితం నేనే మడిచి జేబులో పెట్టుకుంటాను కనుక ఎవరికీ తెలియదు.

నిన్న పేర్లు రాసే బల్ల దగ్గర కొత్త సభ్యురాలిని, రిటైరైన నర్సుగారిని, కూర్చోబెట్టి ఆరున్నరకు జెండాలు విప్పడానికి వెళ్ళాను. ఫోను బల్ల మీదే మరిచిపోయాను. ఆవిడ లెక్క చూస్తే ముప్ఫై ఒక్క పేర్లకు ముప్ఫై మందే వచ్చారు. పావుగంట చూసి పోలీసులకు ఫోను చేశారు. ఆవిడ తప్పేమీ లేదు.

ఏడూ పదికి నేను వచ్చేసరికి పదకొండు మంది పోలీసులున్నారు. అధికారి ఆ పేరు చూపించి, "ఈవిడ మీకు తెలుసా?" అన్నారు. "తెలుసండీ," అన్నాను. అక్కడే నిజం చెప్పాల్సింది. సిగ్గుపడి దాచాను. అందరూ ఆమెను పేరు పెట్టి పిలుస్తూ లోపలికి నడిచారు. నేనూ పిలిచాను. పద్నాలుగు నెలల్లో ఆ పేరు గట్టిగా పలకడం అదే మొదలు. ఒకసారి పిలిచాక ఆపాలనిపించలేదు. వాగు దగ్గర పిలిచాను. రాళ్ళగుట్ట దగ్గర పిలిచాను. అక్కడ లేదని తెలిసీ పిలిచాను.

ఏడూ యాభైకి గొంతు పోయాక అధికారికి నిజం చెప్పాను. ఆమె అడవిలో తప్పిపోయే మనిషి కాదని, దారి తప్పేది ఎప్పుడూ నేనేనని కూడా చెప్పాను. ఆయన నమ్మక ఆమెకు ఫోను చేశారు. ఆమె తన ఇంట్లోనే ఉంది. అంతా విని, "బుధవారాలు ఇంకా నడుపుతున్నారా? ఎంతమంది వస్తున్నారో అడగండి," అందట. అధికారి నావైపు చూశారు. "ముప్ఫై ఒక్కరని చెప్పండి," అన్నాను.

పోలీసువారిని అనవసరంగా తిప్పినందుకు శిక్ష ఏదైనా నాకే వేయండి. దయచేసి బుధవారాల అనుమతి మాత్రం తీసేయకండి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, నిజమే ఉంది. ఒక్కచోట దిద్దించి పక్కన పొట్టి సంతకం పెట్టాను. వచ్చేది ముప్ఫై ఒక్కరు కాదు. ముప్ఫై మంది.

(సంతకం)