ఏడో నంబరు

ఆదివారం పొద్దున పది. ఫోటో క్లబ్బు గది గోడల నిండా ఏడాది పొడుగునా వచ్చిన నలుపు తెలుపు ఫోటోలు. క్లబ్బు పెద్ద అయిన మందుల షాపాయన, క్లబ్బు సెక్రటరీ అయిన ఆయన బావమరిది డ్రాయింగు మాష్టారు తప్ప ఇంకా ఎవరూ రాలేదు.

"ఏడో నంబరు ఎవరో చెప్పు."

"చెప్పకూడదు బావా. రూలు పెట్టిందే నువ్వు. పేర్లు కవర్లో, గోడ మీద నంబర్లు మాత్రమే. పేరు తెలిస్తే మార్కులు మొహమాటానికి పడతాయని నువ్వే అన్నావ్."

"అన్నాన్లే. ఇప్పుడు నేనే అడుగుతున్నా."

"ఇంకో గంటలో అందరూ వస్తారు. ఎవరికి వాళ్ళు లేచి, ఏడాదిలో తమకి బాగా నచ్చిన ఫోటో చూపించి, ఎక్కడ తీశారో, ఎందుకు నచ్చిందో చెప్తారు. పేర్లు బయటపడేది అప్పుడే. గంట ఆగలేవా?"

"ఆగలేను."

"ఏమైంది నీకు? పొద్దున్నే ఫోను చేసి తాళాలు పట్టుకుని రమ్మన్నావ్. స్నానం కూడా చెయ్యకుండా పరిగెత్తుకొచ్చా."

"ఇలా రా. ఈ ఫోటో చూడు. పోయిన నెల ఏడో నంబరు పంపింది. దీనికి నేనెన్ని మార్కులిచ్చాను?"

"పదికి పది. ఇచ్చి ఊరుకున్నావా? గోడ మీద ఎండ ఎలా పాకిందో చూడండి, గరిటె నీడ చూడండి అంటూ అరగంట క్లాసు పీకావు. లిఫ్టు మెకానిక్కు కునుకు కూడా తీశాడు."

"ఎండ చూశాను. నీడ చూశాను. గరిటె చూళ్ళేదు."

"అంటే?"

"అది మా గరిటె రా!"

"గరిటెలన్నీ ఒకేలా ఉంటాయి బావా."

"కిటికీ అద్దం పగిలినచోట అంటించిన టేపు చూడు. అది నేను అంటించింది. మందుల పెట్టెలకి వేసే టేపు, మా షాపుది. పొద్దున వంటింట్లో మంచినీళ్ళు తాగుతూ తలెత్తితే, ఎదురుగా గోడ మీద అచ్చం ఈ ఫోటోలో ఉన్నట్టే! వెంటనే నీకు ఫోను చేశా. నెలరోజులుగా నేను మా వంటింటినే మెచ్చుకుంటున్నానన్న మాట."

"అందుకు కోపమెందుకు? మంచి వంటిల్లు."

"వెటకారమా? గడియారం చూడు. సగమే పడింది గానీ ముళ్ళు తెలుస్తున్నాయి. మూడున్నర. ఆ టైముకి నేను షాపులో ఉంటా. ఇంట్లో మీ అక్క ఒక్కతే. మరి కెమెరా పట్టుకుని మా వంటింట్లో నిలబడ్డ మగాడెవడు?"

"మగాడని ఎవరన్నారు?"

"క్లబ్బులో ఆడవాళ్ళెవరున్నారోయ్? అందరం మీసాలవాళ్ళమే. చెప్పు, పళ్ళ డాక్టరేనా? మీ అక్క పన్ను పీకినప్పట్నుంచీ వాడు నేను కనబడితే చాలు, అమ్మగారు బాగున్నారా, అమ్మగారు బాగున్నారా..."

"ఆయన అందరి అమ్మగార్లనీ అడుగుతాడు. పళ్ళున్న ప్రతివాళ్ళనీ అడుగుతాడు."

"పోనీ లిఫ్టు మెకానిక్కా? మా బిల్డింగులో లిఫ్టు నెలకి రెండుసార్లు ఆగుతుంది. ఎందుకాగుతుంది?"

"పాతది గనక."

"వాడు ఆపుతున్నాడు గనక! బాగు చెయ్యడానికి వచ్చి, మంచినీళ్ళు అడిగి, మాటా మాటా కలిపి... ఆ పెట్టె ఎందుకు జరుపుతున్నావ్?"

"ఊరికే."

"ఊరికే కాదు. కవర్లున్న పెట్టె అది. భుజాలు తడుముకుంటున్నావేం? నీకన్నీ తెలుసు. కవర్లు తీసుకునేది నువ్వు, నంబర్లు వేసేది నువ్వు. తెలిసి తెలిసి, తమ్ముడివై ఉండి..."

"నోరు జారకు బావా. నువ్వు మాట్లాడేది మా అక్క గురించి."

"అందుకే నిన్ను మర్యాదగా అడుగుతున్నా. ఇంకొకడైతే కాలరు పట్టుకునేవాణ్ణి. పద్నాలుగేళ్ళ కాపురం. ఇవ్వాళ ఇది తేలకపోతే నేనా ఇంటి గడప తొక్కను."

"అంత మాటా?"

"అంత మాటే. నమ్మకం పోయాక ఇంకేం కాపురం?"

"సరే. కూర్చో."

"కూర్చోను."

"కూర్చుంటే చెప్తా."

"కూర్చున్నా. చెప్పు."

"అక్క."

"అక్కకేమయింది?"

"ఏమీ అవలేదు. ఏడో నంబరే అక్క. ఏడాదిగా తనే తీసి నాకిస్తోంది, నేను నంబరు వేసి పెడుతున్నా. మీ వంటింట్లో కెమెరా పట్టుకుని నిలబడ్డ మగాడు మీ ఆవిడే."

"ఎవరికి చెప్తున్నావ్ కాకమ్మ కబుర్లు? మీ అక్కకి కెమెరా ఏ వైపు పట్టుకోవాలో తెలీదు."

"కవరు చింపి చూడు."

"చింపా. ఏదో చీటీ ఉంది."

"ఆ చేతిరాత ఎవరిదో చదువు."

"మీ అక్కదే. మరి నాకెందుకు చెప్పలేదు? నేనేం పులినా, సింహాన్నా?"

"అప్పుడెప్పుడో నీ కెమెరాతో నాలుగు ఫోటోలు తీసి నీకు చూపించింది. ఏమన్నావో గుర్తుందా?"

"ఏమన్నాను?"

"తలలన్నీ తెగ్గోశావ్, నీ చేతికి కత్తిపీటే నయం అన్నావ్. ఇంటి నిండా చుట్టాలున్నారు. అందరూ నవ్వారు."

"సరదాకి అన్నా."

"సరదా నీకు. తను మళ్ళీ నీ కెమెరా ముట్టుకుందా? మా స్కూలు కెమెరాతో నా దగ్గర నేర్చుకుంది. పేరు లేకుండా పెడితే ఆయనేమంటారో చూద్దాం రా తమ్ముడూ అంది. చూసింది. పదికి పది, పదికి పది, పదికి తొమ్మిది."

"ఆ తొమ్మిది ఎందుకిచ్చాను?"

"ఆ నెల నీకు జలుబు."

"ఎప్పుడు నేర్చుకుంది ఇదంతా?"

"గురువారాలు. మధ్యాహ్నం నుంచీ నువ్వు గోడౌన్లో సరుకు సర్దుకుంటావుగా. చీకటి పడేదాకా రావుగా. తనకి అదే వీలు."

"ఆఁ... అవునవును. సర్దుకుంటా."

"ఏడాదంతా కలిపితే నీకన్నా పద్దెనిమిది మార్కులెక్కువ వచ్చాయి తెలుసా."

"అవి నేనిచ్చినవే కదరా! ఓర్నీ! మా ఆవిడా! గుండెల మీద కుంపటి దించావు గదరా. పొద్దున్నుంచీ తనతో మాట్లాడితే ఒట్టు. కాఫీ తెచ్చిస్తే కూడా ముట్టుకోకుండా వచ్చేశా. పళ్ళ డాక్టర్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో, దారి పొడుగునా."

"అక్కకి మాత్రం ఈ సంగతి తెలియనివ్వకు. నువ్వు అనుమానపడ్డావంటే చచ్చేంత బాధపడుతుంది."

"నాకేం పిచ్చా? ఇంతకీ ఇవ్వాళ వస్తుందా?"

"పదకొండింటికి. తన ఫోటో పట్టుకుని నిలబడి మాట్లాడుతుంది. రెండు రోజులుగా ఏం చెప్పాలో నాకు ఫోన్లో అప్పజెప్తోంది."

"ఏ ఫోటో? వంటిల్లేనా?"

"కాదు. ఇంతవరకూ ఎవరికీ చూపించనిది. నీకసలు చూపించొద్దంది. ఆయన అందరి ముందూ చూడాలి, అప్పుడు ఆయన మొహం నేను చూడాలి అంది."

"ఏదీ, చూపించు."

"వద్దందని చెప్తుంటే!"

"పెళ్ళాం తీసిన ఫోటో మొగుడు చూడకూడదా? చూపించరా. నేను చూడనట్టే ఉంటాలే."

"అయితే వచ్చాక కొత్తగా చూసినట్టు నోరు తెరవాలి. ఇదిగో. వాన వెలిశాక తీసింది. మెట్ల మీద తెరిచి ఆరబెట్టిన గొడుగు, వెనక ఓరగా తీసిన తలుపు. ఆ కింద నీళ్ళ మడుగులో మెరుపు చూశావా? ఏం బావా, మార్కులెన్ని?"

"ఎప్పుడు తీసింది?"

"ఒక గురువారం."

"ఏ గురువారం?"

"మొన్న పెద్ద వాన పడిందే, ఆ గురువారం. ఎందుకు?"

"ఎక్కడ తీసింది?"

"తనే చెప్తుందిలే, అందరికీ."

"అందరికీనా?"

"రూలు నువ్వు పెట్టిందేగా. ఎక్కడ తీశారు, ఎందుకు నచ్చింది."

"ఎందుకు నచ్చిందంటుంది?"

"గొడుగు బయట ఉంది, మనిషి లోపలున్నాడు, మనిషి కనపడకపోయినా గొడుగు చెప్పేస్తోంది, అందుకు నచ్చింది అంటుందట. బాగుంది కదూ? నేను ఒక్క ముక్క కూడా నేర్పలేదు, మొత్తం తన మాటలే."

"అలా అందా?"

"అలాగే అంది. ఏంటి బావా, చెమటలు పట్టాయ్?"

"ఫ్యాను వెయ్యి."

"తిరుగుతూనే ఉంది."

"అయితే ఇన్నాళ్ళూ నా వెనకాలే తిరిగిందన్న మాట."

"ఎవరు?"

"అమాయకుడిలా మాట్లాడకు. అక్కా తమ్ముడూ కూడబలుక్కుని నాటకమాడుతున్నారు. ఫోటోలూ, నంబర్లూ, కవర్లూ! అడిగేదేదో ఇంట్లోనే అడగొచ్చుగా. పదిమందిలో నిలబెట్టాలా?"

"ఎవర్ని నిలబెట్టారు? ఏం మాట్లాడుతున్నావ్?"

"ఆ పచ్చ తలుపు దాకా వచ్చినావిడ లోపలికెందుకు రాలేదు? మెట్ల మీదే నిలబడిందా? మా మాటలు కూడా విందా?"

"పచ్చ తలుపా? నలుపు తెలుపు ఫోటో బావా ఇది. నీకు పచ్చ ఎక్కడ కనిపించింది?"

"ఏదో నోటికొచ్చింది అన్నా."

"మా మాటలు అన్నావ్. మా అంటే ఎవరెవరు?"

"మెల్లిగా మాట్లాడు. కింద షాపులు తెరిచారు."

"ఎవరెవరు బావా?"

"నీకు తెలీనట్టు! మందుల కంపెనీ నుంచి ఆర్డర్లు రాసుకోడానికి ఒకావిడ వచ్చేది. నువ్వు కూడా చూశావ్ షాపులో. మొదట్లో నిజంగా టీ తాగడానికే వెళ్ళా. ఆవిడకి ఎవరూ లేరు, కష్టం చెప్పుకుంది, విన్నా. అలా... అలా అలవాటైపోయింది."

"ఎన్నాళ్ళుగా?"

"నిరుడు వానలప్పట్నుంచి."

"ప్రతి గురువారమూనా?"

"ప్రతి గురువారమూ కాదు."

"మరి గోడౌను?"

"గోడౌన్లో ఏముంది, పది పెట్టెల దగ్గుమందు. అలా చూడకు నన్ను. తప్పే. తప్పు కాదన్నానా? ఆ వాననాడు నా గొడుగు ఆవిడ గుమ్మం బయట, ఆ మెట్ల మీదే పెట్టా. ఎదురింటివాళ్ళు చూస్తారేమోనని భయపడ్డా గానీ, కట్టుకున్నదే కెమెరా పట్టుకుని కింద నిలబడుంటుందని కల గన్నానా?"

"బావా..."

"నీకు దండం పెడతా. తను పైకి రాకముందే ఆపు. కిందకెళ్ళి చెప్పు, నేను మానేస్తానని. కాదు, మానేశాడనే చెప్పు. ఆవిడకి ఇప్పుడే, నీ ఎదురుగానే ఫోను చేసి చెప్పేస్తా, ఇంక రానని. నాకు నా ఇల్లు కావాలి రా. మీ అక్క లేకపోతే నేనేమైపోతాను? పొద్దున ఆ ఫోటో చూసి, ఎవడో వచ్చాడనుకుంటేనే నా ప్రాణం పోయినంత పనైంది. ఏడాదిగా ఇదంతా చూస్తూ, కడుపులో పెట్టుకుని, రోజూ కాఫీ ఎలా ఇచ్చింది నాకు? తిట్టు. రెండు పీకు. కనీసం మీ అక్కకి ఎంతవరకూ తెలుసో అదైనా చెప్పు."

"ఆ గొడుగు నాది బావా. ఆ మెట్లు మా స్కూలు వెనకవి, లోపలున్న మనిషిని నేను. ఆ తలుపుది నీలం రంగు."