బిస్కెట్లతో బంగారం

ఊళ్ళో స్థానికులూ బయటివాళ్ళూ అన్న గొడవలు ముదిరిన ఆ వేసవిలో, చిక్కడపల్లిలో మా పక్కవాటా ధర్మారావుగారు భార్యాపిల్లల్ని గుడివాడ బండెక్కించి, తానొక్కరే మిగిలారు. ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో. సాయంత్రమైతే మా అరుగు మీదికి వచ్చేవారు. ఎదురింటి కిషన్ రావు, పాలు పోసే బుగ్గయ్య, బడి టీచరునైన నేనూ శ్రోతలం.

“ఏ మిషనుకైనా కాస్త అటూ ఇటూ తేడా సహజం టీచరుగారూ. మా ఫోర్‌మన్‌కి అది తెలీదు. ఒక బిస్కెట్టు బరువెక్కితే చక్రం ఇటు తిప్పడం, ఇంకోటి తగ్గితే అటు తిప్పడం, ఆ తిప్పుడుతోనే సరుకంతా పాడు! నేనేం చేశానూ, గంటకోసారి గుప్పెడు బిస్కెట్లు తూచి, సగటు కట్టి, కాగితం మీద చుక్క పెట్టాను. పైనో గీత, కిందో గీత. చుక్క మధ్యలో ఉన్నంతసేపూ మిషను ముట్టుకోకూడదు. గీత దాటిందా, ఏదో కారణం ఉన్నట్టే, వెతకాలి. అంతే!”

“మంచిగుంది సారూ. నే పోయొస్త, బర్లు ఎదురుచూస్తుంటయ్,” అని బుగ్గయ్య లేచాడు.

“ఆగవయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తేడా ఎంత తగ్గిందంటే, సుల్తాన్ బజారు కంసాలులు గురిగింజలు పారేసి మా బిస్కెట్లతోనే బంగారం తూచారు!”

బుగ్గయ్య మళ్ళీ కూర్చున్నాడు. “వానొస్తే మెత్తబడవా సారూ?”

“అందుకే వానొస్తే దుకాణాలు మూసేవారు!”

అందరం నవ్వాం. పొయ్యి మీద ఎసరు చూసొద్దామని నేను లేచాను.

“కూర్చోండి టీచరుగారూ, అసలు సంగతి ఇప్పుడేగా! అడిక్‌మెట్ యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్లొచ్చారు. భూమి తిరుగుడులో కాస్త తేడా ఉందిట. వీళ్ళూ మా ఫోర్‌మన్ బాపతే, తిప్పి సవరించబోతున్నారు! ‘ముట్టుకోకండి’ అన్నాను. రోజూ పొద్దుపొడుపు చూసి చుక్క పెట్టాను. ఓనాడు గీత దాటింది. వెతికితే ఏముందీ, చంద్రుడు వదులయ్యాడు! వెంటనే నిచ్చెన తెప్పించి, పైకెక్కి...”

కిషన్ రావు చెయ్యి అడ్డుపెట్టాడు. “ధర్మారావుగారూ, నేను సూస్తనే ఉన్న. ఎవ్వరన్న లేసినప్పుడల్లా మీ కత గీత దాటుతున్నది. కారణం దొరికింది. ఎవ్వరం పోం గని, జర నిచ్చెన దిగుండ్రి. ఇయ్యాల ఫ్యాక్టరీల ఏమైందో చెప్పుండ్రి.”

ధర్మారావుగారు ఉత్తరీయం అంచు వేలికి చుట్టుకున్నారు.

“ఇవాళా? ఇవాళ చుక్కలన్నీ మధ్యలోనే ఉన్నాయండీ,” అన్నారు. “పొద్దుట్నుంచీ ఎవరికీ నాతో మాట్లాడే పని పడలేదు.”