కూల్ వరకే వచ్చింది

పాల్వంచ దాటాక, అడవి మొదలయ్యే చోట చిన్న మెకానిక్ షెడ్డు. పక్క హోటల్లో భోంచేసి వచ్చిన మేస్త్రీకి, షెడ్డు ముందు ఆవిర్లు కక్కుతున్న పాత కారు, దాని పక్కన నిలబడ్డ పెద్దాయన కనిపించారు. మేస్త్రీ బానెట్ ఎత్తాడు.

“రేడియేటర్ల ఈ గింజలేంది పెద్దాయనా?”

“సబ్జా గింజలు మేస్త్రీ.”

“సబ్జానా! ఎవలు పొయ్యమన్నరు?”

“నువ్వే. ఇంజన్ కాగుతుందని పొద్దున ఫోన్ చేసిన గదా.”

“నేను కూలెంట్ అన్న!”

“మా అడవిల సిగ్నల్ సగమే ఉంటది. ‘కూల్’ వరకే వచ్చింది. సబ్జా కంటే చలువ చేసేది ఇంకేముంటది?”

“అవి ఉబ్బి గొట్టాలన్నీ మూసుకపోయినయ్.”

“నాకైతే రెండు గ్లాసులకే కడుపుల మంట తగ్గుతది.”

“సరే, ఈ బ్రేకేంది? తొక్కితే దూదిలెక్క దిగుతుంది.”

“బ్రేకాయిల్ తగ్గిందేమో, పొయ్యమన్నవ్. పోసిన.”

“ఏం ఆయిల్?”

“ఇప్పనూనె. దగ్గరుండి ఆడించిన, కల్తీ లేదు.”

“ఆడ గింజలుబ్బినయ్, ఈడ రబ్బర్లుబ్బినయ్! బ్రేకు లేకుండ ఇంతదూరం ఎట్లొచ్చినవ్?”

“మెల్లగనే. బర్రెలొస్తే హారన్ కొట్టిన, మనుషులొస్తే దండం పెట్టిన.”

“మరి ఈడ ఎట్ల ఆపినవ్?”

“నేనేడ ఆపిన? నీ షెడ్డు మిట్ట ఎక్కలేక కారు వెనక్కి జారింది. దేవునిలెక్క నీ కొత్త స్కూటర్ అడ్డమొచ్చింది.”