బాణం అటు తిరిగిన బొమ్మ

పట్టా కోసం మౌఖిక పరీక్ష ముగిసి, పరీక్షకులు వెళ్ళిపోయాక గది ఖాళీ అయింది. రేణువులు ఢీకొనే తీరును గీతల బొమ్మలుగా వేసి లెక్కగట్టే పరిశోధక విద్యార్థిని, ఆమె గురువు మాత్రం బోర్డు దగ్గర మిగిలారు.

"నా వల్ల మీకూ మాటొచ్చింది సార్. ఒకే బొమ్మని రెండుసార్లు లెక్కేసి కూర్చున్నాను."

"పట్టా ఆపింది నీకు. నా సంగతెందుకులే. ఆ రెండోది మళ్ళీ గీయమ్మా."

"వాళ్ళకి పంపిన నా థీసిస్‌లో మీరు కొట్టేసిందా? ఇంకోసారి తిట్టడానికా సార్?"

"గీయి."

"ఇదిగో. మధ్యలో ఈ చుట్టు మీద బాణం అటు తిరిగింది, అంతే. మిగతాదంతా మొదటిదే. నాకు మీ అంత కళ్ళెక్కడివి?"

"బాణం అటు తిరిగితే అది వేరే బొమ్మమ్మా. రెండూ కలపాల్సిందే. నీ లెక్కే సరైంది. సరిగ్గా చూడకుండా కొట్టేసింది నేను."

"అయ్యో, ఇందాక అంతమంది ముందు తప్పు నాదేనని ఒప్పేసుకున్నాను కదా సార్!"

"ఒప్పుకున్నావు."

"మీరు అక్కడే కూర్చున్నారు."

"కూర్చున్నాను."

"అప్పటికి మీకూ తెలీదు కదా సార్?"

ఆయన సుద్దపొడి అంటని చేతులు దులుపుకున్నాడు.

"నువ్వు వాళ్ళకి బోర్డు మీద గీసి చూపిస్తున్నప్పుడే తెలిసిందమ్మా."